బురద పైపొర

మడుగుల అడుగున పేరుకొన్న బురదను జూచి తొలగిపోవుటయే లోకమునకు పరిపాటియైయుండగా, ఆ బురద పైపొరలోనే అమీబాలు వేనవేలుగా మెలగుచున్నవన్న సంగతి సూక్ష్మదర్శిని పుట్టిన పిమ్మట సైతము బహుకాలము మఱుగుపడియుండెను. న్యూరెంబర్గు నగరమున కీటకముల చిత్రములు వ్రాయుటలో నిమగ్నుడైయుండిన రోజెల్ ఫాన్ రోజెన్‌హోఫ్, నీటిలో క్షణక్షణము ఆకృతి మార్చుకొను నొక ప్రాణిని గాంచి, 1755లో దానిని చిత్రసహితముగ వెల్లడించెను. ఎనుబది యేండ్లకు, 1835లో, డుజార్డిన్ అను ఫ్రెంచి పండితుడు సముద్రపుటిసుకలో దొరకు సూక్ష్మమైన గుల్లలను పరీక్షించి, అందలి ప్రాణులు అంతవరకు తలచినట్లు నత్తలకు బంధువులు కావనియు, వాని దేహము అమీబా దేహమువలెనే అవయవరహితమైన జీవద్రవ్యమనియు నిరూపించెను. కడలి యిసుకకును కుంట బురదకును గల చుట్టరికము అట్లు బయటపడినది.

అయినను, ఈ జీవులను వెదకి వెదకి జాతులుగ వింగడించిన వారిలో నా మనస్సును మిక్కిలి యాకర్షించినవాడు ఫిలడెల్ఫియా వాస్తవ్యుడైన జోసఫ్ లైడీ. విశ్వవిద్యాలయమున శరీరనిర్మాణశాస్త్రము బోధించుచు, 1858లో న్యూజెర్సీ మట్టిలో దొరకిన రాక్షసబల్లి యస్థులను వర్ణించి ప్రఖ్యాతిగాంచిన ఆ మహనీయుడు, శిలాజములకై ధనవంతులు పోటీపడి కలహించుచుండిన కాలమున, ఆ రంగమును వారికి విడిచి ఊరిచుట్టునున్న కుంటలకును కాలువలకును మరలెను. ఆయన సాధనము ఒక కఱ్ఱకు తగిలించిన చిన్న రేకుగరిటె మాత్రమే. దాని యంచును అడుగుమీద మెల్లమెల్లగ జరుపుచు పైనున్న పలుచని పొరను మాత్రమే ఎత్తుకొనవలయును. క్రిందనున్న నల్లని కుళ్లుబురదలో ప్రాణవాయువు కఱవగుటచే ఈ జీవులు అరుదు. ఆయన గొప్పతనమును ఆయన కంటిలోకంటె ఆ చేతి నిదానములోనే నేను జూచుచున్నాను.

అట్లు ఎత్తిన బురదలో కానవచ్చునది డిఫ్లూజియా. ఇసుకరేణువులను ఒకదానిప్రక్క నొకటి యతికించుకొని కుండవంటి గృహము గట్టుకొని, దాని మూతినుండి మిథ్యాపాదములను చాచి ప్రాకుచుండు అమీబా యిది. రెండుగ విడిపోవుటకు ముందే ఇది రేణువులను మ్రింగి దేహములో దాచుకొనును. విడిపోవు వేళ ఆ రేణువులు బిడ్డవైపునకు చేరి క్రొత్త గృహమునకు గోడలగును. మెదడు లేదు, కన్ను లేదు; అయినను బిడ్డకు ఇల్లమర్చి మఱి పంపుచున్నది! ఇట్టివానికై లైడీ 1877లో పడమటి యుయింటా పర్వతములవఱకు పోయెను. 1879లో ప్రభుత్వ భూగర్భపరిశోధనశాఖ ప్రకటించిన ఆయన గ్రంథమున 48 చిత్రపటములు గలవు.

గుల్లలేని అమీబాల లెక్క మాత్రము అంత సులభముగ తేలలేదు. చచ్చిన వెంటనే రూపుమాయు వానిని సజీవముగనే చూడవలయును. అందుచే మట్టిని నీట పలుచన చేసి, ఏ పాలువఱకు అమీబాలు మొలకెత్తునో గమనించు పద్ధతి యేర్పడినది. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ పరిశోధనకేంద్రమున కట్లర్ బృందము 365 దినములు ఎడతెగక పొలపు మట్టిని ఈ రీతిగ లెక్కించి, అమీబాలు హెచ్చినపుడు బాక్టీరియా తగ్గుచున్నదని 1922లో ప్రకటించెను. తరువాతివారు చెఱువు బురదను, తీరపు ఇసుకను ఇట్లే పెంచి చూడగా, అందు హెచ్చుభాగము లైడీ చిత్రించిన పెద్దజాతులు గాక, ఇసుకరేణువుల సందులలో దూరగల అతిసూక్ష్మములైన అమీబాలని తేలినది.