కొంటెబొమ్మ నుంచి కథకుడిగా: తెలుగు బాలసాహిత్యంలో ‘బుడుగు’

1. ప్రవేశిక

తెలుగు పిల్లలకు వెర్రిబాగుల పాత్రలు కొత్త కావు. పరమానందయ్య శిష్యుల కథలు తరతరాలుగా వారిని నవ్విస్తున్నాయి. అయితే ఆ కథలు చెప్పే గొంతు పెద్దలది. శిష్యుల తెలివితక్కువతనం చూసి వినేవారు నవ్వాలి. ముళ్ళపూడి వెంకటరమణ రచనతో, బాపు బొమ్మలతో వెలువడిన ‘బుడుగు’ ఈ సంబంధాన్ని తలకిందులు చేసింది. ఆ మార్పును పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

2. ‘బాల’ నుంచి ‘బుడుగు’ దాకా

న్యాయపతి రాఘవరావు దంపతులు 1945లో మద్రాసులో ‘బాల’ పత్రికను ప్రారంభించారు. రమణ తొలి కథ ‘అమ్మ మాట వినకపోతే’ ఆ ఏడే అందులో అచ్చయింది. హితబోధ ఆ శీర్షికలోనే ధ్వనిస్తుంది. పదకొండేళ్ళ తరువాత, 1956లో, ఆంధ్ర సచిత్ర వారపత్రికలో అడుగుపెట్టిన బుడుగు ఎవరి మాటా వినడు. తన మాటే అందరిచేతా వినిపిస్తాడు.

అమెరికాలో హాంక్ కెచమ్ 1951లో ప్రారంభించిన ‘డెన్నిస్ ద మెనాస్’తో బుడుగును పోల్చడం పరిపాటి. అల్లరి పిల్లవాడు, విసిగిపోయే ఇరుగుపొరుగు ఉభయత్రా ఉన్నారు. కాని డెన్నిస్ ప్రధానంగా ఒక బొమ్మలో, దాని కింది వాక్యంలో ఇమిడిపోతాడు. బుడుగు తన కథ తానే చెప్పుకొంటాడు.

3. తప్పుపలుకులోని చూపు

శ్రీజ్ఞానప్రసూనాంబ బుడుగు నోట ‘సీగాన పెసూనాంబ’ అవుతుంది. కన్నవారు అతనికి రాధ, గోపాళం. మొదటిది ఉచ్చారణదోషం, రెండవది మర్యాదాలోపం. అయినా రెండింటిలోనూ ఉన్నది చెవినపడ్డ మాటను పట్టుకొని తనదిగా చేసుకొనే పసితనమే. అతని చదువు గురించి పెద్దలకు బెంగ. అతనికి ప్రైవేటు మాస్టరే ఒక వింత. బాపు గీత ఈ గడుసుతనానికి అమాయకపు ముఖాన్నిచ్చింది. అందువల్లనే ఆ ధిక్కారం పెద్దలకు సైతం ముద్దుగా తోస్తుంది.

4. నేటి సందర్భం

హైదరాబాదులోని గ్రీన్ గోల్డ్ యానిమేషన్ సంస్థ రూపొందించిన ‘ఛోటా భీమ్’ 2008లో పోగో ఛానల్‌లో మొదలైంది. అందులో గొప్పలకు పోయి భంగపడే కాలియా నవ్విస్తాడు. కాని అతని ఓటమి భీముని గెలుపుకు మెరుగుపెట్టడానికే. అతనిది తిరిగి పరమానందయ్య శిష్యుల స్థానమే. బాలకథారచయిత కాలియా వంటివానిచేత కథ చెప్పించగలిగితే అది బుడుగు వేసిన బాట అవుతుంది.

ఆ అవసరం అదే నగరపు తూర్పు భాగాన స్పష్టంగా కనిపిస్తుంది. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లకు పేరుపడ్డ చోటు. బుడుగు ఇంటికి వచ్చిన ప్రైవేటు మాస్టరు ఇక్కడ వీధి పొడవునా బోర్డులై నిలిచాడు. అక్కడినుంచి ఎల్.బి.నగర్ దాకా ఆ బోర్డుల కింద నడిచే పిల్లవానికి అవి ఎలా కనిపిస్తాయో అతని మాటల్లోనే చెప్పే కథలు కావాలి.

5. ఉపసంహారం

కొంటెబొమ్మ బాలకథకు ఇచ్చింది హాస్యం మాత్రమే కాదు, మాట్లాడే హక్కు. పిల్లవాని తెలివితక్కువతనాన్ని చూసి నవ్వడం పాత పద్ధతి. అతని కళ్ళతో పెద్దల తెలివిని చూసి నవ్వగలగడం బుడుగు నేర్పినది.