బండి ఆగితే విశ్రాంతి కాదు: మాడుగుల దారిలో బండివారి మజిలీలు

ప్రత్యేక సంచికకు ఏదైనా పాత సంగతి రాసి ఇవ్వమని మన సంఘం కార్యదర్శిగారు అడిగారు. సర్వీసు జ్ఞాపకాలు మనందరికీ ఉన్నవే. అందుచేత మనం రోజూ చూస్తూ పట్టించుకోని ఒక విషయం తీసుకున్నాను. సరుకు బండి తోలేవాడు ఇల్లు విడిచి దారిలో ఉన్నప్పుడు ఎక్కడ ఆగేవాడు, ఆ ఆగిన కాసేపూ ఏం చేసేవాడు, ఎలా నిద్రపోయేవాడు అన్నదే ఆ విషయం. దీనికీ ఒక చరిత్ర ఉంది. అందులో నేను చేసిన తప్పు కూడా ఒకటి ఉంది.

మన మాడుగుల కొండల అంచున ఉన్న ఊరు. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా ఏర్పడేవరకు విశాఖపట్నం జిల్లాలో ఉండేది. ఇటు చోడవరం మీదుగా అనకాపల్లికి సుమారు 40 కిలోమీటర్లు. అటు మన ఊరి దాపునుంచే పాడేరు ఘాట్ రోడ్డు మొదలవుతుంది. మన్యం నుంచి చింతపండు, పసుపు, అల్లం, అడ్డాకులు దిగేవి. మైదానం నుంచి ఉప్పు, బియ్యం, బట్టలు, కిరసనాయిలు ఎక్కేవి. ఊళ్ళో వండిన బెల్లం అనకాపల్లి మార్కెట్టుకు పోయి, అక్కడి నుంచి ఒడిశా, బెంగాలు, బీహారు దాకా వెళ్ళేది. ఇన్ని సరుకులు అటూ ఇటూ కదిలాయంటే, వాటిని తోలినవాళ్ళు ఎన్ని రాత్రులు ఇంటికి దూరంగా గడిపి ఉంటారో ఆలోచించండి.

మొదట ఎడ్లబళ్ళు. 1890లలో రైలు మార్గం అనకాపల్లి మీదుగా పడ్డాక కూడా, అక్కడి దాకా సరుకు చేర్చవలసింది ఎద్దే. నా చిన్నతనంలో బెల్లం దిమ్మలు వేసుకున్న బళ్ళు పొద్దు వాలాక బయలుదేరేవి. ఎండ తగలకుండా రాత్రంతా నడిచి తెల్లవారేసరికి మార్కెట్టు చేరాలని వారి లెక్క. బండి కింద లాంతరు ఊగుతూ ఉండేది. ముందు బండివాడు మెలకువగా ఉంటే చాలు, వెనక బళ్ళవాళ్ళు దిమ్మల మీద గడ్డి పరుచుకుని పడుకునేవారు. ఎడ్లకు దారి తెలుసు, అవే నడిచేవి. నడుమ ఒక చెరువు గట్టు దగ్గరో, రావిచెట్టు కిందో బళ్ళు విప్పేవారు. ఎడ్లకు నీళ్ళు పెట్టి, గడ్డి వేసి, ఇరుసుకు కందెన రాసి, మూడు రాళ్ళ పొయ్యి మీద ఇంత గంజో అన్నమో కాచుకునేవారు. తినడం, చుట్ట కాల్చుకోవడం, ఒకరి కష్టసుఖాలు ఒకరు చెప్పుకోవడం, ఒక కునుకు తీయడం. ఆ మజిలీలో జరిగేది ఇంతే.

ఇందులో ఒక విశేషం ఉంది. ఆ విశ్రాంతి మనిషిని చూసి ఇచ్చినది కాదు, ఎద్దును చూసి ఇచ్చినది. అలిసిన ఎద్దును కొట్టినా నడవదు. ఎద్దు పడిపోతే షావుకారుకూ నష్టమే. కాబట్టి ఎంత తొందర ఉన్న షావుకారైనా బండి విప్పడానికి ఒప్పుకునేవాడు. ఎద్దు నీడన బండివాడికీ నాలుగు ఘడియలు దొరికేవి.

తరువాత లారీలు వచ్చాయి. 1954లో జంషెడ్‌పూర్‌లో టాటా వారు బెంజి కంపెనీతో కలిసి లారీలు తయారు చేయడం మొదలుపెట్టాక, మన ప్రాంతంలోనూ క్రమంగా వాటి సంఖ్య పెరిగింది. గిరిజనుల సరుకు కొనడానికి 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. ఘాట్ మీద లారీల రాకపోకలు నేను ఉద్యోగంలో చేరేనాటికే బాగా సాగుతున్నాయి. ఆ కాలపు ఇంజను కూడా ఒక విధంగా ఎద్దు వంటిదే. ఘాట్ ఎక్కుతుంటే వేడెక్కి పొగలు కక్కేది. క్లీనరు దిగి చక్రం కింద రాయి పెట్టి, ఊట దగ్గర నుంచి డబ్బాతో నీళ్ళు తెచ్చి రేడియేటరులో పోసేవాడు. అది చల్లారే దాకా డ్రైవరు చెట్టు కింద కూర్చునేవాడు. మోదకొండమ్మ తల్లి పాదాల దగ్గర ఆగి దండం పెట్టుకోవడం సరేసరి. చీకటిపడితే ఘాట్ ఎక్కడం ఎందుకని చాలామంది కిందనే ఆగిపోయి, తెల్లవారాక బయలుదేరేవారు. తరువాతి కాలంలో బళ్ళు మెరుగయ్యాయి. వేడెక్కడం తగ్గింది, టైర్లు పేలడం తగ్గింది, రోడ్లు వెడల్పయ్యాయి. యంత్రం బాగుపడినకొద్దీ మనిషికి ఆగే సాకు పోయింది.

అలా ఆగిన లారీవాళ్ళను నేను దగ్గరగా చూశాను. ఘాట్ దిగువన ఒక చిన్న ఊళ్ళో తపాలా కౌంటరు దగ్గర గుమాస్తాగా పనిచేసిన రోజులవి. పొద్దున్నే బోరింగు దగ్గర స్నానం, ఉతికిన లుంగీ లారీ తాళ్ళకే ఆరవేయడం, బండి నీడన కిరసనాయిలు స్టవ్వు మీద అన్నం, పప్పుచారు. కొందరు పేక ముక్కలు తీసేవారు. కొందరు రేడియో పెట్టుకునేవారు. హోటలులో భోజనం చేస్తే నులకమంచం ఊరికే ఇచ్చేవారు. పది పదకొండు గంటలకు నా దగ్గరికి వచ్చి మనీయార్డరు ఫారం రాసిపెట్టమనేవారు. కింద నాలుగు మాటలు రాసే చోట ఏం రాయమంటావంటే, "బాగున్నానని రాయండి బాబూ, అంతే" అనేవారు. ఎప్పుడు వస్తావో రాయనా అంటే నవ్వేవారు. అది వాళ్ళ చేతిలో లేదు. రిటర్న్ లోడు దొరికిన రోజున బయలుదేరాలి. వెళ్ళేముందు మాత్రం మన మాడుగుల హల్వా పొట్లం ఒకటి కొనుక్కునేవారు. గోధుమ పాలతో, నేతితో చేసే ఆ హల్వా చాలా రోజులు నిలవ ఉంటుంది. ఇల్లు చేరేది ఎప్పుడో తెలియనివాడు పిల్లలకు పట్టుకెళ్ళడానికి అంతకన్న తగిన మిఠాయి లేదు.

ఇక నా తప్పు. 1978 వేసవి. మధ్యాహ్నం పన్నెండు దాటింది. మా ఆఫీసు వరండాలో ఒక డ్రైవరు తువ్వాలు పరుచుకుని ఒళ్ళు తెలియకుండా నిద్రపోతున్నాడు. జనం దాటి వెళ్ళవలసి వస్తోందని, నేను లోపలినుంచి వచ్చి గట్టిగా కేకలేసి లేపాను. "ఇది ఆఫీసనుకున్నావా, సత్రమనుకున్నావా?" అన్నాను. అతను కళ్ళు నులుముకుంటూ లేచి, "తప్పయిపోనాది బాబూ. రెండు రాత్రుళ్ళు బండి తోలి వచ్చినాను. కొంచెం కునుకు పట్టీసింది" అని తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయాడు. తిరిగి కౌంటరులో కూర్చుని కిటికీలోంచి చూస్తే, ఎండలో ఆగి ఉన్న లారీ కిందకు, రెండు చక్రాల మధ్యకు దూరి పడుకుంటున్నాడు. అక్కడ నేల కాలిపోతూ ఉంటుంది. పిలుద్దామనుకున్నాను. హోదా అడ్డొచ్చింది, పిలవలేదు. ఒంటిగంటకు నేను టిఫిను కేరేజీ విప్పుకుని, పావుగంట కుర్చీలో వెనక్కి వాలాను. అది నా హక్కు కదా!

ఆ హక్కు అతనికీ ఉందని నాకు చాలా ఏళ్ళ తరువాత తెలిసింది. 1961లో పార్లమెంటు మోటారు రవాణా కార్మికుల చట్టం చేసింది. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు మించి పని చేయించరాదు. 5 గంటల పనికి కనీసం అరగంట విరామం ఇవ్వాలి. వారానికి ఒక రోజు సెలవు. రాత్రి ఆగవలసిన చోట యజమాని విశ్రాంతి గది ఏర్పాటు చేయాలి. ఎంత చక్కని చట్టం! కాని అది అయిదుగురు, అంతకు పైబడి రవాణా కార్మికులున్న సంస్థలకే నేరుగా వర్తించేది. మన దేశంలో లారీల్లో ఎక్కువ భాగం కొద్ది బళ్ళున్న చిన్న యజమానులవి. చాలాచోట్ల యజమానీ డ్రైవరూ ఒకరే. అప్పు వాయిదా కట్టవలసినవాడు తనకు తానే అరగంట సెలవు ఇచ్చుకుంటాడా? 2020లో ఈ చట్టాన్ని కొత్త కార్మిక కోడ్‌లో కలిపారు. ఆ కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చింది. కాగితం మారింది. దారిలో గది కట్టించేదెవరన్న ప్రశ్న అలాగే ఉంది.

1975లో నేషనల్ పర్మిట్ పద్ధతి వచ్చాక మనవాళ్ళ ప్రయాణాలు దూరమయ్యాయి. అయిదారు రాష్ట్రాలు దాటి పోవడం, ప్రతి సరిహద్దులో ఆగడం. ఇచ్ఛాపురం దాపున పురుషోత్తపురం చెక్‌పోస్టు పేరు తెలియని డ్రైవరు ఈ ప్రాంతంలో ఉండడు. అక్కడ గంటల తరబడి లారీల బారు నిలిచేది. చూసేవారికి అందరూ విశ్రాంతిగా ఉన్నట్టే కనిపించేది. కాని ముందు బండి కదిలితే వెనక బండి కదలాలి. కాగితాలు పట్టుకుని నిలబడాలి. అది ఆగడమే గాని విశ్రాంతి కాదు. 2017 జులై 1న జి.ఎస్.టి. వచ్చాక అమ్మకపు పన్ను చెక్‌పోస్టులు తీసేశారు. బండి నడక పెరిగింది. అయితే మిగిలిన ఆ గంటలు డ్రైవరు నిద్రలోకి వచ్చాయా, యజమాని ట్రిప్పులోకి వెళ్ళాయా అంటే, రెండోదేనని డ్రైవర్లు చెబుతారు.

అన్నిటికన్న పెద్ద మార్పు క్లీనరు పోవడం. ఒకప్పుడు ఒకరు పడుకుంటే ఒకరు బండి కాసేవారు. నేషనల్ పర్మిట్ బండికి ఇద్దరు డ్రైవర్లుండాలనే నిబంధన కూడా ఉండేది. 2018లో దానిని సడలించారు. జీతం కలిసి వస్తుందని చాలా బళ్ళలో ఇప్పుడు ఒక్కడే. ఈ మధ్య మాడుగులలో టీ కొట్టు దగ్గర పాతికేళ్ళ కుర్రవాడొకడు కనిపించాడు. ఒక్కడివే ఎలా పడుకుంటావు బాబూ అని అడిగాను.

"పడుకోడం ఎక్కడ తాతగారూ! కన్ను మూస్తే డీజిలు తీసేస్తారు, లేదా స్టెప్నీ పట్టుకుపోతారు. ఫ్యాక్టరీ గేటు కాడ అయితే అరగంటకోసారి బండి ముందుకు జరపాలి. ఫోను గుండెల మీద పెట్టుకుని తొంగుంటాను. పాపతోటి వీడియోలో మాట్లాడతాను. అదే నాకు రెస్టు" అన్నాడు. నలభై ఏళ్ళ కిందట "బాగున్నానని రాయండి" అన్నవాళ్ళు గుర్తుకొచ్చారు. ఇతను బాగున్నానని ఫోనులో మొహం చూపించి చెబుతున్నాడు, అంతే తేడా.

అమెరికాలో పిల్లలున్న మన సభ్యులు అక్కడి రోడ్ల పక్కన విశ్రాంతి స్థలాలు చూసే ఉంటారు. అక్కడ లారీ డ్రైవరు 11 గంటలు తోలితే, మళ్ళీ తోలడానికి ముందు వరుసగా 10 గంటలు పని మానాలి. యూరపులో నాలుగున్నర గంటలకు 45 నిమిషాల విరామం. పూర్తి వారాంతపు విశ్రాంతిని బండి క్యాబినులోనే గడపరాదని కూడా అక్కడ నియమం ఉంది. డ్రైవరు తోలిన గంటలను బండిలోని పరికరమే నమోదు చేస్తుంది. ఒకనాడు ఎద్దు చేసిన పనిని అక్కడ ఆ పరికరం చేస్తోంది. మన దగ్గర 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే లారీలకు ఎ.సి. క్యాబిను తప్పనిసరి చేశారు. మంచిదే. అయితే చల్లని క్యాబినులో కూడా నిద్రకు సమయం కావాలి కదా!

సోదర పెన్షనర్లారా! మనకు క్యాజువల్ లీవులు, ఆదివారాలు, పండుగ సెలవులు ఉండేవి. ఇప్పుడు పెన్షను ఉంది. బదిలీ అయిన ప్రతిసారీ మన మంచాలు, బీరువాలు మోసుకొచ్చినవాడు లారీ డ్రైవరే. "తెల్లారేసరికి సామాను దిగిపోవాలి" అని అతనితో అన్నది మనమే. నేనూ అన్నాను. ఆ తొందర షావుకారుది మాత్రమే కాదు, మనది కూడా.

అందుచేత చిన్న మనవి. మీ వీధి చెట్టు కింద లారీ ఆగి, లోపల మనిషి పడుకుని ఉంటే, దారికి మరీ అడ్డమైతే తప్ప తలుపు తట్టకండి. లేచాక మంచినీళ్ళు కావాలేమో అడగండి. సరుకు తెప్పించుకునే మన పిల్లలకు, డ్రైవరుకు గంటగంటకూ ఫోను చేయవద్దని చెప్పండి. ఆనాటి ఆ వరండా ఇప్పుడు నా చేతిలో లేదు. ఇంటి ముందు అరుగు ఉంది. దానిమీద ఒక చాప, పక్కన ఒక కుండ నీళ్ళు పెట్టించాను. ఇంతవరకు ఇద్దరు ముగ్గురు పడుకుని వెళ్ళారు. వాళ్ళ ఊరేదో, పేరేదో నేను అడగలేదు. నిద్రపోతున్న మనిషిని మళ్ళీ లేపకూడదనుకున్నాను.