అషియో గనియు వతరాసే నదియు



కాలువనీరు పొలమునకు పాఱునప్పుడు మడవకడ నిలిచి, దాని రంగునుబట్టి పైన నెక్కడ వాన కురిసినదో చెప్పగల పెద్దలు మన యూళ్లలో నుండిరి. నీటిని కనిపెట్టుచుండుట శాస్త్రజ్ఞులకంటె ముందు రైతులు నేర్చిన విద్య. జపాను దేశమున నొక యేటి యొడ్డున నీ విద్య యెట్లు మొదలయ్యెనో, నేటికిని యేల ముగియలేదో విన్నవించెదను.

టోక్యో నగరమునకు ఉత్తరముగా సుమారు 100 కిలోమీటర్ల దూరమున, కొండల నడుమ, అషియో యను రాగి గని కలదు. దాని ప్రక్కగా దిగివచ్చు వతరాసే నది మైదానములోని వరిపొలములను తడిపి, టోనే నదిలో కలియును. పూర్వము ఆ నదికి వరద వచ్చిన రైతులు సంతోషించెడివారు. అడవిలో ఆకులు మురిగిన ఒండ్రుమట్టి పొలములమీద పఱచుకొనెడిది. ఆ యేట ఎరువుతో అంతగా పనియుండెడిది కాదు. మన గోదావరి లంకలవారికి ఈ మాట విడమరచి చెప్పనక్కఱలేదు.

1877లో ఫురుకావా ఇచిబే యను వర్తకుడు ఆ పాత గనిని కొనెను. కొన్నియేండ్లకు మిక్కిలి గొప్ప రాగి దొరకెను. అషియో జపానులో నెల్ల పెద్ద రాగి గని యయ్యెను. కట్టెలకై కొండ యడవులు నరికిరి. కొలుముల నుండి వెడలిన గంధకపు పొగకు మిగిలిన చెట్లు మాడెను. 1885 నాటికి నదిలో చేపలు చచ్చి తేలెను. 1890లో పెద్ద వరద వచ్చి తీసిన పిమ్మట పైరు నిలువున ఎండెను. నది పాతదే, వచ్చిన మట్టి మాత్రము వేఱు.

దీనికి కారణము కొంచెము చెప్పవలయును. రాగి యున్న రాతిలో గంధకము గూడ కలిసియుండును. భూమి లోపల గాలి సోకనంతవరకు దానివలన బాధ లేదు. తవ్వి పైకి తెచ్చి గుట్టలుగా పోసినప్పుడు గాలియు వాననీరును తగిలి గంధకికామ్లము పుట్టును. ఆ పులుపు రాతిలోని రాగిని, సీసమును, ఇతర లోహములను కరగించి నీటిలోనికి దింపును. కొంత యేటిలో పడును; కొంత నేలలోనికి ఇంకి ఊటలలోనికి, బావులలోనికి చేరును. నీరు తేటగానే యుండవచ్చును. తేటదనము చూచి మోసపోరాదు.

ఆ రైతులు మోసపోలేదు. తమ మట్టిని పరీక్షింపించిరి. టోక్యోలోని వ్యవసాయ కళాశాలలో పనిచేయుచున్న కోజాయి యోషినావో దానిని పరిశోధించి, రాగి సమ్మేళనములే పైరు చెడుటకు కారణమని తేల్చెను. గ్రామపెద్దల వంశమున పుట్టిన తనాకా షోజో 1891లో ఆ సంగతిని శాసనసభలో లేవనెత్తెను. తరువాతి చరిత్ర చాల పెద్దది. 1897లో ప్రభుత్వము తేర్పు కుంటలు కట్టుమని గనివారిని ఆజ్ఞాపించెను. 1901 డిసెంబరులో తనాకా చక్రవర్తి బండికే యెదురేగి విన్నపపత్రము నందింపబోయెను. విషమును నిలుపుటకని వరదనీటి చెఱువు తలపెట్టి, యానాకా యను గ్రామమును 1906లో రద్దుచేసి, మరునాటి యేడు మిగిలిన యిండ్లను పడగొట్టిరి. గనిని ఆపుటకంటె ఊరిని లేపుట సులభమని తోచినదేమో!

రాజధానిలోని వాదములకంటె నన్ను ఎక్కువగా నిలిపినది వేఱొకటి. దిగువ గ్రామములవారు నీరు పొలములో దూరు చోట చిన్న గుంటలు తవ్వుకొనిరి. నీరు వాటిలో ఆగి, విషపుమట్టిని అడుగున వదలి, ముందుకు పోవును. ఆ మట్టిని ఎత్తిపోయుచుండవలయును. తండ్రి తవ్విన గుంటను కొడుకు పూడిక తీసెను.

1958లో గని మట్టిని పోసిన గుట్టలలో నొకటి తెగి మరల పొలములమీద పడెను. 1971లో అచటి బియ్యమున కాడ్మియమను విషలోహము కనబడెను. 1973లో తవ్వకము నిలిచెను. 1974లో దిగువ రైతులకు 155 కోట్ల యెన్నుల పరిహారము కుదిరెను. అంతకుముందే బోడికొండలపై ప్రభుత్వము చెట్లు నాటింప మొదలిడెను. 1996 నుండి ప్రజలును మట్టిని, మొక్కలను మోసికొనిపోయి నాటుచున్నారు. నేడు చాల చోట్ల పచ్చదనము కలదు.

అయినను కొండలోపల సుమారు 1,200 కిలోమీటర్ల సొరంగములు మిగిలియున్నవి. వాటినుండి నీరు కాఱుచునే యున్నది. ఆ నీటిలో సున్నము కలిపి, పులుపు విఱిచి, లోహములను బురదగా దింపి, మిగిలిన నీటిని పరీక్షించి నదిలోనికి వదలుచున్నారు. తవ్వకమునకు ముగింపు తేదీ యున్నది గాని ఈ పనికి లేదు.

ఇట్టి చోట నొక్క సీసా నీరు తెచ్చి పరీక్షించిన చాలదు. గనికి ఎగువ నీరు, దిగువ నీరు వేఱువేఱుగ చూడవలయును. గుట్టల క్రింద బావులు తవ్వి వాటిలోని నీటిమట్టమును, పులుపును వ్రాసికొనవలయును. ముఖ్యముగా వాన పడిన దినమున చూడవలయును. ఎండకాలపు నీరు సగము సంగతియే చెప్పునని నా తలంపు.

2011 మార్చి 11న జపానులో మహా భూకంపము వచ్చెను. 1958లో తెగిన ఆ గుట్టయే మరల జారి, కొండరైలు పట్టాలమీద పడి, వతరాసే నదిలోనికి దిగెను. గని మూతపడి అప్పటికి 38 ఏండ్లు. సుమారు రెండు కిలోమీటర్ల దిగువన, పొలములకు నీరు తీయు తూముకడ నీటిని పరీక్షించిరి. అందు సీసము ఉండదగిన హద్దుకు దాదాపు రెండింత లుండెను.