తారిణి: కొలదిమంది చేతి ఓడ

జేకేపురమున నివసించు మనకు సముద్రము కంటికి కానరాదు. కొండలు, కాగితపు మిల్లు, కలప లారీలు మన నిత్యదృశ్యములు. అయినను రాయగడను ఒరసి పారు నాగావళి శ్రీకాకుళము దాటి బంగాళాఖాతమున కలియుచునే యున్నది. మజ్జిగౌరమ్మను సేవించెడి మనలో పలువురు గంజాం జిల్లాలో ఋషికుల్యా తీరపు కొండపై వెలసిన తారాతారిణులను గూడ దర్శించి వచ్చినవారే. నావికులకు దిక్కని పేరుగన్న ఆ తల్లి నామము ధరించిన తెరచాప ఓడ యొకటి రెండుమారులు భూమిని చుట్టి వచ్చినది.

తెలుగువారికి ఓడ క్రొత్త గాదు. శాతవాహనుల నాణెములపై రెండు స్తంభముల ఓడ ముద్రితమై యున్నది. కాకతి గణపతిదేవుడు 1244 ప్రాంతమున మోటుపల్లి రేవులో పరదేశ వర్తకులకు అభయశాసన మిచ్చెను. కాని వర్తకపు ఓడకు కళాసుల కొదువ లేదు. ఇద్దరో ముగ్గురో నడుపవలసినప్పుడు ఎట్టి ఓడను ఎన్నుకొనవలె నన్నది వేరు ప్రశ్న.

దీనికి మొదట జవాబు చెప్పినవాడు జాషువా స్లోకం. శిథిలమైన పాత పడవను తన చేతులతో మరల కట్టుకొని, 1895లో బోస్టన్ నుండి ఏకాకియై బయలుదేరి, 1898లో ప్రపంచము చుట్టి వచ్చెను. ఆ ‘స్ప్రే’ పొడవు 37 అడుగులకు కొంచెము తక్కువ. చుక్కానిని త్రాటితో కట్టివేసినను అది దారి తప్పక సాగెడిది, ఆయన నిదురించెడివాడు. దారిలో వెనుక నొక చిన్న స్తంభమును గూడ నిలిపి తెరచాపను విభజించెను. ఒంటరివానికి రెండు చిన్న చాపలు ఒక పెద్ద చాపకంటె మేలు గదా!

అట్లని చిన్న ఓడయే మంచిదని చెప్పజాలము. నీటిని చీల్చుకొని పోవు ఓడ వేగము దాని పొడవు వర్గమూలమును బట్టి యుండును. 36 అడుగుల ఓడ గంటకు 8 నాటికల్ మైళ్లు పోగా, 56 అడుగులది 10 పోగలదు. నెలల తరబడి తిండికి, నీటికి దానిలో చోటును దొరకును. కాని దాని తెరచాప బరువు మనుష్యుల భుజములపైననే పడును. తుపానులో నడిరాత్రి ఆ చాపను మడిచి కట్టవలసినవారు ఎందరని మొదట లెక్కించుకొనవలెను. మా యభిప్రాయమున పొడవుకంటె ఈ లెక్కయే ముఖ్యము.

అభిలాష్ టోమీ కథ ఇందుకు సాక్ష్యము. 2018లో ఆయన ఒంటరిగా నడపిన 32 అడుగుల, రెండు స్తంభముల ‘తురీయ’ దక్షిణ హిందూ మహాసముద్రపు తుపానులో స్తంభములు విరిగి నిలిచిపోయెను. వెన్నెముక దెబ్బతిని పడియున్న ఆయనను ఇతర నౌకలవారు రక్షించిరి. అదే పందెమునకు మరల 2022లో 36 అడుగుల, ఏకస్తంభపు ‘రస్లర్’ ఓడను ఎన్నుకొని పోయి, 2023లో ద్వితీయ స్థానము పొందెను. చిన్న చాపలు రెండున్నను సముద్రము కరుణింపదని ఇచ్చట తేలినది. స్లోకం పద్ధతిని మెచ్చిన మేమును ఇక్కడ కొంత తగ్గి మాటాడవలసి వచ్చినది.

ఇక తారిణి. గోవాలో నిర్మితమై 2017 ఫిబ్రవరిలో నౌకాదళమున చేరిన ఈ ఓడ పొడవు సుమారు 56 అడుగులు, ఒకే స్తంభము. ఆ సెప్టెంబరు 10న ఆరుగురు స్త్రీలు దానిపై బయలుదేరిరి. నాయకురాలు వర్తికా జోషి. హైదరాబాదు ఆడపడుచు ఐశ్వర్య బొడ్డపాటి, విశాఖపట్టణపు పాతర్లపల్లి స్వాతి వారిలోనివారు. ఈ సంగతి మన యింటి ఆడపిల్లలకు చెప్పదగినది. పసిఫిక్‌లో పెనుతుపానును దాటిరి. తుదకు ఇల్లు చేరబోవుచుండగా హిందూ మహాసముద్రమున చుక్కాని యంత్రము చెడినది. అనుకొనని మారిషస్ రేవునకు పోయి, బాగుచేయించుకొని, 2018 మే 21న గోవా చేరిరి.

ఆరుగురు నడపిన ఆ ఓడనే 2024 అక్టోబరు 2న దిల్నా, రూపా అను ఇద్దరే గైకొనిరి. ఒకరు నిదురించిన ఇంకొకరు మేలుకొనవలెను. మూడవ చేయి లేదు. ఇరువురకు 56 అడుగులు పెద్దదే యని మేమిప్పటికిని తలంతుము. వారు మాత్రము ఎనిమిది నెలలు దానిపై గడపి, 2025 మే 29న క్షేమముగా గోవా రేవున దిగిరి.