పిల్లల నాలుక నిలబెట్టిన చెట్టు

ఇవాళ అవకాడో అంటే నల్లని గరుకు తొక్క ఉన్న హాస్ పండే మన కళ్ల ముందు మెదులుతుంది. వందేళ్ల క్రితం కాలిఫోర్నియాలో ఆ పేరే లేదు. అప్పట్లో పెద్దపీట ఫుయెర్తేది.

1911లో కార్ల్ ష్మిట్ అనే కుర్రాడు మెక్సికోలోని అట్లిక్స్కో ఊరి పెరట్లో కాసిన చెట్టు నుంచి కొమ్మలు తెచ్చాడు. 1913 జనవరిలో గడ్డకట్టే చలికి చాలా మొక్కలు మాడిపోతే ఇది తట్టుకుంది. అందుకే ఫుయెర్తే అని పేరు. స్పానిష్‌లో బలమైనది అని అర్థం.

1920లలో లా హాబ్రా హైట్స్‌లో రుడాల్ఫ్ హాస్ అనే పోస్ట్‌మన్ కొంచెం నేల కొని గింజలు నాటాడు. మొలిచిన మొక్కలకు ఫుయెర్తే అంటు కట్టించడం ఆయన ఆలోచన. ఒక మొక్కకు ఎన్నిసార్లు కట్టినా అంటు నిలవలేదు. కొట్టేద్దామనుకుంటే, అంటు కట్టే ఆయన ఉండనివ్వమన్నాడు. అది కాశాక ఇంట్లో పిల్లలు ఫుయెర్తే కంటే ఇదే బాగుందన్నారు. చూడ్డానికి నల్లగా ఉన్నా రుచి చూసి మెచ్చింది వాళ్లే!

1935లో హాస్ పేటెంట్ తీసుకున్నాడు. కానీ రైతులు ఒక్క మొక్క కొని, దాని కొమ్మలతో తోటంతా అంటు కట్టుకునేవాళ్లు. దాంతో ఆయన చేతికొచ్చింది స్వల్పమే, పోస్ట్‌మన్ ఉద్యోగం మానలేదు. 1952లో పోయాడు. ప్రపంచంలోని హాస్ చెట్లన్నిటికీ తల్లి అయిన ఆ చెట్టు వేరుకుళ్లుతో 2002లో చచ్చిపోయింది.

పెరట్లో ఏది వేయాలని నన్నడిగే స్నేహితురాళ్లకు నేను చెప్పేది ఇదీ. ఫుయెర్తే తొక్క పండినా పచ్చగానే ఉంటుంది, పలచన, సులువుగా వలవచ్చు. గుజ్జు వెన్నలా ఉంటుంది. కాలిఫోర్నియాలో చలికాలపు పంట, ఒక ఏడు విరగకాసి మరో ఏడు ముఖం చాటేస్తుంది. హాస్ వసంతం నుంచి కోతకొస్తుంది, రుచి ఇంకాస్త చిక్కన, మందపు తొక్క వల్ల దూరం పంపినా చెడదు. బజారుకు అదే నచ్చింది. చపాతీ పిండిలో కలపడానికి నాకు ఏదైనా ఒకటే గానీ, పచ్చిమిర్చి, కొత్తిమీర, నిమ్మరసంతో పచ్చడికి హాసే ఇష్టం.

చోటుంటే రెండూ వేయండి. హాస్ పూలు పొద్దున ఆడపూలుగా, ఫుయెర్తే పూలు మధ్యాహ్నం ఆడపూలుగా విచ్చుకుంటాయి. ఒకటి పుప్పొడి ఇచ్చే వేళకు రెండోది అందుకుంటుంది. గింజ నాటితే తల్లిలాంటి పండే వస్తుందన్న హామీ లేదు, అంటు మొక్కే కొనండి. కాయ చెట్టున పండదు, కోశాకే మెత్తబడుతుంది.

అయినా ఎక్కడో ఒక గింజ మొలిచిందంటే పీకేయాలనిపించదు నాకు. హాస్ కూడా అలా మొలిచిందే. దాన్ని నిలబెట్టింది పెద్దల లెక్కలు కాదు, పిల్లల నాలుక. వంటింట్లో మన పిల్లలు "ఇది బాగుందమ్మా" అన్నప్పుడు ఒక్క క్షణం ఆగి విందాం.