భివండీ సాంచాల మధ్య దత్తగురువు



ఠాణే జిల్లాలోని భివండీ పేరు వినగానే ఎవరికైనా ముందు మరమగ్గాల చప్పుడు గుర్తుకు వస్తుంది. మరమగ్గాన్ని మన తెలంగాణ నేతకార్మికులు సాంచా అంటారు. అది మరాఠీ నేల నుంచి మన నోటికి వచ్చిన మాట. కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపుల నుంచి బతుకుతెరువు కోసం వచ్చిన పద్మశాలి కుటుంబాలు ఆ ఊళ్లో పద్మనగర్, కామత్‌ఘర్ ప్రాంతాల్లో స్థిరపడ్డాయి. వాళ్లు మాటను తెచ్చుకున్నట్టే పక్కింటి మరాఠీవాళ్ల నుంచి ఒక దేవుణ్ణి కూడా తెచ్చుకున్నారని చాలామంది అనుకుంటారు. ఆయనే దత్తాత్రేయుడు. ఈ అభిప్రాయం ఎంతవరకు సరైనదో ఈ ప్రసంగంలో చూద్దాం. అంతకంటే ముందు దత్తుని పటాన్ని ఒకసారి శ్రద్ధగా చూద్దాం.

మూడు ముఖాలు, ఆరు చేతులు. వెనుక ఆవు. కాళ్ల దగ్గర నాలుగు కుక్కలు. పైన మేడిచెట్టు నీడ. ఈయనను మనం గురుదేవుడంటాం, గురువారం పూజిస్తాం. కానీ ఈ పటంలో ఒక లోటు ఉంది, గమనించారా? దక్షిణామూర్తి పటం చూడండి. మర్రిచెట్టు కింద గురువు, ఆయన ఎదుట చేతులు జోడించిన శిష్యులు. దత్తుని పటంలో గురువు ఉన్నాడు గాని శిష్యుడు లేడు. శిష్యులు ఉండవలసిన చోట ఆవూ, కుక్కలూ ఉన్నాయి. ఇదేమి గురువు?

జవాబు చెప్పుకునే ముందు ఈ రూపం చరిత్రను కొంత తెలుసుకోవాలి. దత్తుడంటే ఇవ్వబడినవాడు. ఆత్రేయుడంటే అత్రి కొడుకు. అత్రి అనసూయలకు దేవతలు ఇచ్చిన బిడ్డ కనుక దత్తాత్రేయుడు. పురాణాల్లో ఈయనకు మొదటినుంచీ మూడు తలలు లేవు. అగ్నిపురాణం చెప్పిన లక్షణం ప్రకారం ఈయనకు రెండే చేతులు, ఎడమ తొడపై లక్ష్మి. 13వ శతాబ్దిలో చక్రధరస్వామి బోధతో మహారాష్ట్రలో ఏర్పడిన మహానుభావ పంథంవారు కూడా దత్తుణ్ణి ఏకముఖుడిగానే కొలుస్తారు. బ్రహ్మ, విష్ణు, మహేశ్వరులు ఒకే శరీరంలో కలిసిన రూపం తరవాతి శతాబ్దాల్లో బలపడింది. పైఠణ్‌వాసి సంత్ ఏకనాథుడు, 16వ శతాబ్దివాడు, రాసిన ఆరతిలో దత్తుడు త్రిమూర్తి స్వరూపుడే. ఆ ఆరతి నేటికీ మహారాష్ట్రలో ఇంటింటా వినిపిస్తుంది. ఇక ఆవూ కుక్కలతో కూడిన బొమ్మ సామాన్యుల ఇళ్లకు చేరడానికి రవివర్మ ప్రెస్సు వంటి ముద్రణాలయాలు తోడ్పడ్డాయి. 1894లో బొంబాయిలో మొదలైన ఆ ప్రెస్సు రంగుల పటాలు గుడిలోకి రానివ్వని వాడి ఇంటికి కూడా దేవుణ్ణి తీసుకువెళ్లాయి.

పటంలోని గుర్తులకు సంప్రదాయం చెప్పే అర్థాలు మీకు తెలిసే ఉంటాయి. జపమాల, కమండలం బ్రహ్మవి. శంఖచక్రాలు విష్ణువువి. త్రిశూలం, ఢమరుకం శివునివి. పుట్టించడం, పోషించడం, లయం చేయడం మూడు పనులైనా, చేసేవాడు ఒక్కడేనని భావం. ఆవు భూమికి, ధర్మానికి గుర్తు. నాలుగు కుక్కలు నాలుగు వేదాలు. ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. మడి కట్టుకున్నవారు గడప తొక్కనివ్వని జంతువు కుక్క. ముట్టుకోవడానికే అర్హత కావాలన్నది వేదం. ఆ రెంటినీ ఒకటిగా చూపిన బొమ్మ ఇది. మేడిచెట్టు సంగతీ అంతే. మేడిపండు అనగానే మన తెలుగువాళ్లకు పైన మెరుపూ, లోపల పురుగులూ గుర్తుకు వస్తాయి. గురుచరిత్ర ఆ చెట్టును మరోలా చూసింది. హిరణ్యకశిపుణ్ణి చీల్చిన నరసింహుని గోళ్లకు విషం మంట పుడితే, ఆ మంటను చల్లార్చినవి మేడిపండ్లేనట. మనం తీసిపారేసిన వాటిలో ఏముందో మళ్లీ చూడమని ఈ పటం అడుగుతోంది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. శిష్యుడు లేని గురువేమిటి? భాగవతం ఏకాదశ స్కంధంలో యదు మహారాజు అడవిలో ఒక అవధూతను చూస్తాడు. ఇంత ఆనందంగా ఎలా ఉన్నావు, నీకు ఎవరు నేర్పారు అని అడుగుతాడు. ఆ అవధూత దత్తాత్రేయుడేనని సంప్రదాయం. ఆయన నాకు ఫలానా మహర్షి నేర్పాడని చెప్పలేదు. తనకు 24 మంది గురువులున్నారన్నాడు. భూమి, గాలి, ఆకాశం, నీరు, నిప్పు మొదలుకొని పావురం, కొండచిలువ, తేనెటీగ, ఏనుగు, చేప, పింగళ అనే వేశ్య, పసిబిడ్డ, పాము, సాలెపురుగు వరకు వరసగా చెప్పాడు. అంటే పటంలో శిష్యుడు లేకపోలేదు. మధ్యలో నిలబడ్డ ఆయనే శిష్యుడు. చుట్టూ ఉన్న లోకమే గురువు. నేర్పినందువల్ల కాదు, నేర్చుకోవడం ఎరిగినందువల్ల ఆయన గురువయ్యాడు. దత్తుని గుర్తులన్నింటికీ మూలం ఈ ఒక్క మాటలో ఉందని నా అభిప్రాయం.

తెలుగులో ఈ స్కంధాన్ని పోతన శిష్యుడని చెప్పే వెలిగందల నారయ రాశాడు. మరాఠీలో ఏకనాథుడు దీనికి విపులమైన వ్యాఖ్య రాసి 1573లో కాశీలో పూర్తి చేశాడు. ఆ 24 మందిలో నలుగురిని మాత్రం భివండీ కార్ఖానాలో నిలబెట్టి చూద్దాం.

ఒకడు బాణాలు చేసే పనివాడు. బాణం ములుకు సరిచేస్తూ ఉండగా పక్కనుంచి రాజుగారి ఊరేగింపు మేళతాళాలతో వెళ్లిపోయింది. అతనికి తెలియనే లేదు. ఏకాగ్రత ఏమిటో అవధూత ఇతని దగ్గర నేర్చుకున్నాడు. ఒకేసారి నాలుగైదు సాంచాలు చూసే కార్మికుణ్ణి గమనించండి. చెవులు దిమ్మెక్కే ఆ చప్పుడులో ఎక్కడ పడుగుపోగు తెగిందో, ఏ నాడెలో కండె అయిపోతోందో అతని కంటికి ముందే తెలిసిపోతుంది. ఆ చూపును భాగవతం యోగి చూపు పక్కన నిలబెట్టింది.

రెండో గురువు ఒక పెళ్లికాని పిల్ల. పెళ్లిచూపులకు వచ్చినవారి కోసం చాటున వడ్లు దంచుతోంది. గాజులు గలగలమంటే ఇంటి పేదరికం బయటపడుతుందని ఒక్కొక్కటే తీసేసి చేతికి ఒక్కటి మిగుల్చుకుంది. పదిమంది చేరితే తగవు, ఇద్దరైతే కబుర్లు, ఒంటరిగా ఉంటేనే నిశ్శబ్దం అని అవధూత గ్రహించాడు. అయితే ఆ నిశ్శబ్దం వెనక ఒక పేదింటి ఆడపిల్ల అభిమానం ఉందని మనం మరచిపోకూడదు.

మూడో గురువు సాలెపురుగు. తన లోపలినుంచే దారం తీసి, గూడు అల్లి, మళ్లీ తానే మింగుతుంది. సృష్టి చేసే ఈశ్వరునికి అవధూత చెప్పిన పోలిక అది. సాలెవాడికి పురుగు పేరులోనే చుట్టరికం ఉంది. కాని తేడా కూడా ఉంది. పురుగు దారం పురుగుదే. కూలికి నేసే కార్ఖానాలో నూలు సేటుది, సాంచా సేటుది, దిగిన తాకా సేటుది. కార్మికుడిది చేతి పనితనం ఒక్కటే. తన లోపలినుంచి వచ్చేది, ఎవరూ తీసుకుపోలేనిది అదేనని అతను తెలుసుకుంటే సాలెపురుగు అతనికీ గురువే.

నాలుగోవాడు తేనె తీసేవాడు. తేనెటీగలు కష్టపడి దాచిన తేనెను మరొకడు పట్టుకుపోతాడు. కూడబెట్టినది తానూ తినక, ఇతరులకూ పెట్టకపోతే గతి ఇంతేనని పాఠం. ఈ పాఠం మీటరు లెక్కన కూలి తీసుకునే వాడికి కాదు. దాచుకునే స్తోమత ఉన్నవాడికి. పూజగదిలో దత్తుని పటం పెట్టుకున్న యజమాని దీన్ని ఒకసారి తలచుకోవడం మంచిది.

ఇక ఈ దేవుడు మనవాడా, పక్కింటివాడా అన్న సంగతి. తాము మార్కండేయ మహర్షి సంతతివారమని పద్మశాలీలు చెప్పుకుంటారు. దత్తాత్రేయుడు అలర్కునికి యోగం బోధించిన కథ ఉన్నది ఆ మహర్షి పేరిట వెలసిన మార్కండేయ పురాణంలోనే. దాన్ని తిక్కన శిష్యుడు మారన తెలుగు చేసి, కాకతీయ ప్రతాపరుద్రుని సేనాని గన్నయకు అంకితమిచ్చాడు. 1323లో ఓరుగల్లు పడిపోవడానికి ముందుమాట ఇది. దత్తుని తొలి అవతారంగా కొలిచే శ్రీపాద శ్రీవల్లభుడు పుట్టింది గోదావరి సీమలోని పిఠాపురంలో. 1320లో అని సంప్రదాయం చెబుతుంది. ఆయన చివరకు నిలిచినది కృష్ణానది నడుమ ఉన్న కురువపురంలో. ఆ దీవికి తెలంగాణలోని మక్తల్ వైపు నుంచి నేటికీ భక్తులు పుట్టి ఎక్కి వెళుతుంటారు.

రెండో అవతారంగా చెప్పే నృసింహ సరస్వతి విదర్భలోని కారంజాలో పుట్టి, కృష్ణాతీరాన ఔదుంబర్‌లో, నర్సోబావాడిలో ఉండి, భీమానది ఒడ్డున కన్నడ సీమలోని గాణుగాపురంలో చాలాకాలం గడిపాడు. చివరకు శ్రీశైలం వెళ్లి పాతాళగంగలో పూల ఆసనం మీద సాగిపోయాడని కథ. ఈ ఇద్దరి చరిత్రను సరస్వతీ గంగాధరుడు మరాఠీ ఓవీ ఛందస్సులో గురుచరిత్రగా రాశాడు. మన కాలంలో ఎక్కిరాల భరద్వాజ తెలుగు రచన ద్వారా అది తెలుగు ఇళ్లలో పారాయణ గ్రంథమైంది. చూశారా, కథ పిఠాపురంలో మొదలై శ్రీశైలంలో ముగుస్తుంది. భివండీలో తెలుగువాడు దత్తునికి దండం పెడితే అరువు తెచ్చుకున్నట్టు కాదు. తిరిగి వచ్చిన బంధువును గుర్తుపట్టినట్టు.

ఆ గురుచరిత్రలో ఒక నేతగాడి కథ ఉంది. పేరు కూడా తంతుకుడే. తన పని చేసుకుని, వీలైనప్పుడు గాణుగాపురం మఠం ముంగిలి ఊడ్చి, దూరంనుంచే గురువుకు దండం పెట్టేవాడు. శివరాత్రికి తల్లిదండ్రులూ ఊరివారూ శ్రీశైలం బయలుదేరుతూ రమ్మంటే, నా శ్రీశైలం ఇక్కడే ఉందని ఉండిపోయాడు. శివరాత్రినాడు గురువు అతణ్ణి తన పాదుకలు పట్టుకుని కళ్లు మూసుకోమన్నాడు. తెరిచేసరికి పాతాళగంగ ఒడ్డు. గుడిలోకి వెళితే లింగం ఉన్నచోట తన గురువే కనిపించాడట.

ఈ కథను రెండు రకాలుగా చెప్పవచ్చు. పని మానకుండా, సెలవు అడగకుండా, దూరంనుంచి దండం పెట్టేవాడే మంచి భక్తుడని ఒకరు చెప్పవచ్చు. అలా చెబితే యజమానికి సంతోషమే గాని దత్తునికి కాదు. ఆచార నియమాలను గురుచరిత్ర గట్టిగా చెబుతుంది. ఆ దూరం ఆ కాలపు కులం గీసిన గీత. కాని కథ ఆ గీత దగ్గర ఆగలేదు. దూరాన నిలబడ్డవాడి చేతికి గురువు తన పాదుకలు ఇచ్చాడు. ఔదుంబర్‌లో, నర్సోబావాడిలో, గాణుగాపురంలో నేటికీ ప్రధాన పూజ పాదుకలకే. పాదుక నడిచినవాడి గుర్తు. దత్తుడు కాశీలో స్నానం చేసి, కొల్హాపురంలో భిక్ష తీసుకుని, మాహూరులో నిద్రిస్తాడని ప్రతీతి. ఒకచోట పుట్టి, మరోచోట తిని, ఇంకోచోట పడుకునే వాడి కష్టం వలస వచ్చినవాడికి వేరే చెప్పాలా?

మరొక్క సంగతి. ఏకనాథుని గురువు జనార్దనస్వామి దౌలతాబాదు కోటలో సుల్తానుల కొలువు చేసినవాడు. అక్కడ ఏకనాథునికి దత్తుడు మలంగు వేషంలో, అంటే ముస్లిం ఫకీరు రూపంలో, దర్శనమిచ్చాడనీ, మొదట ఆయన గుర్తుపట్టలేకపోయాడనీ చెబుతారు. ఉత్తరాదినుంచి వచ్చిన మోమిన్ నేతగాళ్లూ, తెలంగాణ పద్మశాలీలూ పక్కపక్కన సాంచాలు నడిపే ఊరు భివండీ. 1970లోనూ, 1984లోనూ మతకలహాల్లో కాలిన ఊరు కూడా. ఎదుటివాడి వేషం చూసి గురువును పోగొట్టుకోవద్దన్న ఆ కథ ఆ ఊరికి పాత కథ కాదు.

భివండీ తాలూకాలోనే వజ్రేశ్వరి పక్కన గణేశ్‌పురి ఉంది. వేడినీటి గుండాల ఊరు. 1961లో సమాధి చెందిన నిత్యానందస్వామిని అక్కడివారు అవధూత అనే పిలుస్తారు. ఆయన పెద్ద ఉపన్యాసాలు చేసినవాడు కాదు. ఎక్కువగా మౌనమే. అయినా జనం వెళ్లేవారు, ఇప్పటికీ వెళుతున్నారు.

కనుక ఈసారి దత్తుని పటం ముందు నిలబడినప్పుడు మూడు తలలు లెక్కపెట్టి ఊరుకోకండి. శిష్యుడి చోటు ఎందుకు ఖాళీగా ఉందో చూడండి. యదు మహారాజు అడిగిన ప్రశ్నే మిమ్మల్ని ఎవరైనా అడిగితే మీ గురువుల్లో ఎవరిని చెబుతారు? పోగు అతకడం నేర్పిన పెద్దాయన పేరు ఆ వరసలో ఉందా? తెగిన పోగును ముందుగా చూసి చెయ్యెత్తి సైగ చేసిన పక్క సాంచా మనిషి ఉన్నాడా? లేకపోతే చేర్చండి. దత్తుని లెక్కలో వాళ్లకు చోటుంది.