జమ

జీతం పడ్డప్పుడు ఫోన్‌కు వచ్చే తెలుగు సందేశంలో ‘జమ అయింది’ అని ఉంటుంది. ఆ మాట పరాయిదని ఎవరికీ తోచదు. నిజానికది అరబ్బీ. జీమ్, మీమ్, ఐన్ అనే మూడు హల్లుల ధాతువు. పోగుచేయడం, ఒకచోట చేర్చడం దాని అర్థం. గొంతులోంచి పలకాల్సిన ఆ ఐన్‌కు మన లిపిలో అక్షరం లేదు. దారిలోనే రాలిపోయింది. తెలుగుకు చేరినవి రెండు హల్లులే.

అరబ్బీలో హల్లులు అలాగే ఉంచి, మధ్య అచ్చులు మార్చి, ఒక్కోసారి ముందు ‘మ’ తగిలించి నామవాచకాలు చేస్తారు. జమ్ అంటే లెక్కల్లో కూడిక, వ్యాకరణంలో బహువచనం. జమాత్ అంటే గుంపు, మజ్మూ అంటే మొత్తం, ఇజ్మా అంటే ధర్మశాస్త్ర పండితుల ఏకాభిప్రాయం. ఇస్లాంకు ముందు అరబ్బులు శుక్రవారాన్ని అరూబా అనేవారు. సామూహిక ప్రార్థన ఏర్పడ్డాక అది జుమ్మా అయింది. ఆ ప్రార్థన జరిగే పెద్ద మసీదు జామె. విద్యార్థులు చేరేది జామియా, అంటే విశ్వవిద్యాలయం.

హైదరాబాద్‌లో ఇవన్నీ కళ్లెదుటే ఉన్నాయి. చార్మినార్ పక్కన 1597 నాటి జామె మసీదు ఉంది. 1918లో మొదలైన ఉస్మానియా పేరు మీద జామై ఉస్మానియా రైల్వే స్టేషన్ ఉంది. గురువారం పాత సామాన్లమ్మే జుమేరాత్ బజార్ ఉంది. జుమేరాత్ అంటే జుమ్మా రాత్రి. ఇస్లామిక్ లెక్కలో సూర్యాస్తమయంతోనే రోజు మారుతుంది కాబట్టి గురువారం రాత్రి శుక్రవారానిదే.

పల్లెకు మాత్రం ఈ ధాతువు కచేరీ దారిన వచ్చింది. అక్కడ అది పోగుచేసింది మనుషుల్ని కాదు, శిస్తును. జమాబందీ అంటే రావలసిన మొత్తాన్ని ఖాయం చేయడం, ‘బందీ’ పారశీకం. 1800-1807 మధ్య దత్తమండలాల కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో రైతువారీ పద్ధతిలో ఆ లెక్క నేరుగా రైతుతోనే తేల్చాలన్నాడు. తర్వాత్తర్వాత జమాబందీ గ్రామ లెక్కల వార్షిక తనిఖీగా మిగిలింది. కరణాలు గుడ్డలో కట్టిన అడంగళ్లు, చిట్టాలు మోసుకుని అధికారి ముందుకు వెళ్లేవారు. లెక్కలు జూలై 1న మొదలయ్యే ఫసలీ అనే రెవెన్యూ సంవత్సరం ప్రకారం నడిచేవి. 2024 జూలైలో మొదలైంది 1434వ ఫసలీ. 1984లో కరణీకాలు రద్దయ్యాయి, జమాబందీ అనే మాట మాత్రం రెవెన్యూ కాగితాల్లో నిలిచింది.

పోలిక చూసి చుట్టరికం కలపకూడదు. జమీందారులోని జమీను పారశీకం. ‘జ’కారంతో రాస్తాం కాబట్టి జమకు చుట్టంలా కనిపిస్తుందంతే. జుమ్లా అరబ్బీయే అయినా దాని ధాతువు వేరు.

జమ పక్కన ఎప్పుడూ ఉండే ఖర్చు కూడా అరబ్బీ మూలానిదే. ఖ, ర, జ అనే హల్లుల ధాతువు, బయటికి వెళ్లడం అని అర్థం. సౌదీలో పనిచేసే తెలుగువాళ్లకు దాని తోబుట్టువు బాగా తెలుసు. పని మానేసి ఇంటికొచ్చేయడానికి ఇచ్చే అనుమతిని వాళ్లు ‘ఖురూజ్’ అంటారు. కువైట్‌లో ఉన్నవాళ్లు సరుకులకు వెళ్లే సహకార దుకాణం పేరు మాత్రం మళ్లీ జమ ధాతువుదే, జమియా.